నేను విప్పని కవరు

పరీక్ష పెట్టబోమని రాసిన కాగితం మీద పదకొండు మంది టీచర్లం సంతకాలు చేశాం. పరీక్ష నాటి పొద్దుటికి ఆ మాట మీద మిగిలింది నేనొక్కదాన్నే. ఒకరికి ప్రమోషన్ దగ్గరపడింది, ఒకరికి బదిలీ అంటే భయం, ఇంకొకరి ఇంట్లోవాళ్ళు ఒప్పుకోలేదు. సంతకం పెట్టిన రోజున మీకు ఇళ్ళు లేవా అని ఒంటికాలి మీద లేచాను. దాంతో పలకరించే ఒకరిద్దరు కూడా ముఖం చాటేశారు. నెల రోజులుగా స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీలో నా సంచీ తప్ప ఎవరూ కూర్చోవడం లేదు.

నా గొడవంతా గుసగుస కోసమే. మా మూడో తరగతిలో గొంతు పెగలని పిల్లకి తోటివాళ్ళు పెట్టిన పేరది. రెండేళ్ళుగా అక్షరాల దగ్గరే ఆగిపోయిన పిల్ల, ఈ ఏడాది నా పక్కన కూర్చుని, మాట కింద వేలు పెట్టుకుని చదవడం మొదలెట్టింది. వాక్యానికి నిమిషం పడుతుంది. అయితేనేం, చదివింది బుర్రకెక్కుతుంది. కథలో మేకపిల్ల తప్పిపోతే వాళ్ళమ్మ ఎందుకు వెతకలేదని నన్ను నిలదీసింది.

ఈ పరీక్ష దేశమంతటికీ ఒకే రోజు, ఒకే పేపరు. ముప్పావుగంటలో నలభై ప్రశ్నలు. సరైన జవాబు పక్కనున్న సున్నాని పెన్సిలుతో నింపాలి. మార్కులు తగ్గినవాళ్ళని వచ్చే నెల నుంచి విడి సెక్షన్లో వేస్తారు. అక్కడ అరవై మందికి ఒక్క టీచరు. అక్కడికి వెళితే గుసగుస చదువు అంతటితో సరి.

హెడ్మాస్టరు సీలు వేసిన కవరు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. విప్పనన్నాను. ఆయన ఆ ముక్క రాసివ్వమన్నారు. రాసిచ్చాను. పది నిమిషాల్లో లెక్కల టీచరు వచ్చింది. తొమ్మిదేళ్ళుగా మధ్యాహ్నాలు నాతో కలిసి భోంచేసిన మనిషి. నా పిల్లల్ని కూడా తన గదిలోనే కూర్చోబెట్టి రాయించమన్నారట.

"ఏమీ అనుకోకక్కా," అంది, నా వైపు చూడకుండా.

పిల్లలు పెన్సిళ్ళు పట్టుకుని వరసగా వెళ్ళారు. గుసగుసని మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాను. దాని చూపంతా తలుపు మీదే ఉంది.

"అందరూ వెళ్ళిపోయారు టీచర్. నేనొక్కదాన్నే ఉండాలా?"

ఒక్కదాన్నే ఉండడం ఎలా ఉంటుందో ఆ నెలలో నాకు బాగా తెలిసొచ్చింది. తెలిసి తెలిసి ఎనిమిదేళ్ళ పిల్లని అందులోకి లాగడానికి మనసు రాలేదు. చెయ్యి వదిలేశాను. పరుగెత్తింది.

ఖాళీ గదిలో ముప్పావుగంట కూర్చున్నాను. దాచుకోవడం దేనికి, ఏడుపొచ్చింది. గోడ అవతల నుంచి లెక్కల టీచరు గొంతు వినిపిస్తూనే ఉంది. తెలియకపోయినా సరే ఏదో ఒక సున్నా నింపండి, ఖాళీలు వదలకండి, త్వరగా కానివ్వండి అంటోంది. ఆమె తప్పేమీ లేదు, అన్ని గదుల్లోనూ అదే చెప్పి ఉంటారు.

అందరికంటే ముందు గుసగుసే బయటికొచ్చింది. ఆ మొహంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు. వరండా అంతా వినబడేట్టు మాట్లాడింది.

"మొత్తం నింపేశాను టీచర్. ఫస్ట్ నేనే."

"చదివావా?"

"లేదు. చదువుతూ కూర్చుంటే టైమ్ చాలదుగా. అన్నిటికీ రెండో సున్నా నింపేశా."

నేను ఆ గదిలో ఉండి ఉంటే, పక్కన వంగి, తొందరేం లేదమ్మా, అయినంతవరకే చదువుకుని రాయి అని చెవిలో చెప్పేదాన్ని. పదో పన్నెండో సొంతంగా రాసేది. కవరు విప్పనని మొండికేసి నేనిక్కడ కూర్చున్నాను. దానికి ఆ ఒక్క మాట చెప్పే దిక్కు అక్కడ లేకపోయింది.

"మంచి పని చేశావు," అన్నాను.

ఎగురుకుంటూ ఆటస్థలంలోకి వెళ్ళిపోయింది. వచ్చే నెల తను ఏ గదిలో ఉంటుందో దానికింకా తెలియదు.