కామేశ్వరరావుగారి అసిడిటీ

దోమపిల్లలను చంపే మందు కలిపిన నీళ్లు తాగితే మనిషి పేగులకు చిల్లులు పడతాయి. 1998 వానాకాలంలో, మాదాపూర్‌లో లేస్తున్న అద్దాల మేడల పక్కనున్న కూలీల గుడిసెల్లో ఇంతకంటే గట్టి సత్యం లేదు.

దాన్ని పుట్టించింది చదువురానివారు కాదు, ప్రాజెక్టు మేనేజరు కామేశ్వరరావుగారు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి మేడ కడుతున్నప్పుడు దోమల మీద ఉపన్యాసం కూడా కంప్యూటర్లోనే సాగాలని ఆయన పట్టుదల. తెర కట్టించి, కూలీలను కూర్చోబెట్టి, చిల్లులు పడిన పేగు ఒకదాన్ని తలుపంత చేసి చూపించారు. అది దోమపిల్ల పేగని కింద చిన్న అక్షరాల్లో ఉంది, ఇంగ్లీషులో.

మర్నాటి నుంచి మందు చల్లేవాడు వస్తే చాలు, ఆడవాళ్లు నీళ్ల డ్రమ్ముల మీద చీరలు కప్పి కాపలా కూర్చునేవారు. కనీసం ఆ చీరలు రోజంతా ఉంచి ఉంటే దోమలు సగం తగ్గేవి. కానీ అతను వెళ్లగానే తీసేసేవారు.

పోచమ్మ కూతురు అనూషకు అప్పటికే రెండుసార్లు మలేరియా వచ్చింది. మళ్లీ వస్తే పిల్ల తట్టుకోలేదని దవాఖానలో చెప్పారు. పోచమ్మ డ్రమ్ములో మాత్రం దోమపిల్లలు నిశ్చింతగా ఈదుతున్నాయి.

జీవశాస్త్రం బోధించి రిటైరైన నన్ను నచ్చజెప్పమని పిలిచారు. నేను వెళ్లేసరికి పోచమ్మ మేనేజరుగారిని నిలదీస్తున్నది.

"గంత మంచిదైతే మీరే ఒక గిలాస తాగుండ్రి సారూ, మేం జూస్తం."

"నాకు అసిడిటీ అండి," అన్నారాయన కడుపు పట్టుకుని. "ఒకటే పుల్లటి తేన్పులు. బయటి నీళ్లు పడవు."

"మీదే కడుపు, మాయి సిమెంటు సంచులా?"

గుడిసెలన్నీ గొల్లుమన్నాయి. నేను మందు కలిపిన నీళ్లు గ్లాసుతో తీసుకుని తాగాను. పోచమ్మ నా ముఖంలోకి తేరిపార చూసింది.

"ఏం గాదా పంతులూ?"

"ఆ మందు పులుపులో విషం కాదమ్మా. దోమపిల్ల కడుపు సున్నపు నీళ్ల లాంటిది, అందులోనే విషమవుతుంది. మన కడుపులో ఉన్నది పులుపు."

"అయితే మనందరికన్న సారుకే ఫికర్ లేదు. పులుపంత ఆయనకాడనే ఉన్నది!"

కామేశ్వరరావుగారికి అప్పుడే ఫోన్ వచ్చినట్టు గుర్తొచ్చింది. పోచమ్మ డ్రమ్ము మీది చీర తనే లాగేసి మందు చల్లించుకుంది.

మర్నాటికి దోమపిల్లలు చచ్చి అడుగున చేరాయి. ఆ వానాకాలమంతా అనూషకు చలిజ్వరం రాలేదు. అది ఆ మందు వల్లేనని నేను ప్రమాణం చేయను. ప్రమాణం అక్కర్లేని సంగతి ఒకటుంది. ఆ మందులో ఉండేది ఒక బాక్టీరియా సరుకు. ఆ బాక్టీరియా చేసే ప్రోటీన్ స్ఫటికం దోమపిల్ల పేగులోని క్షారంలో కరుగుతుంది. అక్కడి జీర్ణరసాలు దాన్ని కత్తిరిస్తాయి. ఆ ముక్కలు పేగు కణాల మీద తమకు సరిపడే చోటికి అతుక్కుని రంధ్రాలు చేస్తాయి, నీరు చొరబడి కణాలు పగులుతాయి. మనిషి జఠరంలో ఉండేది ఆమ్లం. మనిషి పేగులో అవి అతుక్కునే చోటే లేదు.