మొగల్తూరు టేపు

జిరాక్సు మిషను వేడెక్కేలోగా బుల్లబ్బాయి కంప్యూటరు ముందు కూర్చుని ఆ పూట హాజరు వేయించుకున్నాడు. ఎవరూ పిలవరు, ఎవరూ పలకరు. తెర మీద తన పేరు పక్కన పచ్చచుక్క వెలిగితే హాజరైనట్టు. ముప్పై రోజులు వరసగా వెలగకపోతే పేరు కొట్టేస్తారు. ఏడేళ్లలో ఆ చుక్క ఒక్కనాడూ ఆరలేదు. ఏడో తరగతిలోనే బళ్లో పేరు కొట్టేయించుకున్న మనిషికి ఇంత హాజరు ఇంకెక్కడా పడలేదు.

కొవ్వూరు స్టేషను రోడ్డులో ఆ కొట్టు ఎనిమిదడుగుల వెడల్పు. ఒకప్పుడు క్యాసెట్ల కొట్టు. గోడ అరలు ఇంకా క్యాసెట్టు కొలతకే ఉన్నాయి; వాటిలో ఇప్పుడు ఆధార్ కార్డుల తొడుగులు, సిమ్ముల అట్టలు. బుల్లబ్బాయికి యాభై ఆరేళ్లు. పొట్టి చేతుల చొక్కా, జేబులో రెండు పెన్నులు, కుడి బొటనవేలి గోరు కింద ఎంత తోమినా వదలని జిరాక్సు నల్లపొడి. పొద్దుట్నుంచీ ఎడమ భుజం లాగుతోంది. కాగితాల కట్ట ఎత్తినందుకేలే అనుకున్నాడు.

ఆ హాజరు పాత పద్యనాటకాల రికార్డింగులు దాచుకునే వాళ్ల ఇంటర్నెట్టు గుంపులోది. రెండొందల మందికి మించరు. లోపలున్నవాడెవడో పూచీ ఉంటేనే కొత్తవాడికి తలుపు తీస్తారు. ఎంత తీసుకుంటే అంత తిరిగి పంచాలి, అంటే మన కంప్యూటరు తెరిచి ఉంచితే మన దగ్గరున్న ముక్కల్ని మిగతావాళ్లు లాక్కుంటారు. దాన్ని సీడు చేయడం అంటారని రాజమండ్రి ఉదయభాస్కర్ గారు చెప్పినప్పుడు, బుల్లబ్బాయి చెరువులో వదిలే రొయ్యపిల్లల సీడు అనుకుని, "మనకి చెరువెక్కడుందండీ?" అన్నాడు. కాలేజీ ల్యాబులో పనిచేసి రిటైరైన ఉదయభాస్కర్ గారు ఆనాడు పడీపడీ నవ్వి, తన పూచీ మీదే అతన్ని లోపలికి తీసుకున్నారు.

లోపల శుభ్రంగా ఉంటుంది. ప్రతి నాటకానికీ ఊరు, తేదీ, హార్మోనిస్టు పేరు. బయట, అందరికీ తెరిచి ఉండే టొరెంట్లలో అయితే పేరొకటి, సరుకొకటి. ఒకటి నొక్కితే నాలుగు బొమ్మలు మీద పడతాయి. ఎవడైనా రావచ్చు. వచ్చినవాడు తీసుకుని పోతాడు. ఇచ్చేవాడు లేక ఆ ఫైలు పదిరోజుల్లో చచ్చిపోతుంది. తేడా ఇంతే అని బుల్లబ్బాయి ఏడేళ్లూ నమ్మాడు. పోయిన వారం రత్నమాణిక్యం తండ్రి నాటకం వెతుక్కుంటూ వచ్చేదాకా.

ఆమె ఈరోజు మళ్లీ వచ్చింది. ఆత్రేయపురం మనిషి. పొయ్యి మీద బోర్లించిన కుండ సెగకి ముంజేతులు నున్నగా, వెంట్రుక లేకుండా ఉన్నాయి. పూతరేకుల అట్టపెట్టె కౌంటరు మీద పెట్టింది.

"దొరికిందాండీ అన్నయ్యగారూ?"

దొరికింది. అదే చిక్కు. ఆమె తండ్రి పల్లంరాజు పద్యం పాడితే మూడు వన్స్‌మోర్లు పడేవి. మొగల్తూరులో ఆయన ఆడిన ఒక నాటకాన్ని ముప్పై నాలుగేళ్ల క్రితం బుల్లబ్బాయే స్టేజీ పక్కన కూర్చుని రికార్డు చేశాడు. ఆ టేపు ఎవరో అడిగి తీసుకుని మళ్లీ ఇవ్వలేదు. అది చేతులు మారి మారి, ఎవడి పుణ్యమో ఫైలై, లోపలే ఉంది. మొదట్లో తన గొంతే: "ఈ రికార్డింగు, కొవ్వూరు బుల్లబ్బాయి!" హార్మోనియం శ్రుతి కుదిరేదాకా ఆగి అప్పుడు చెప్పడం అతని అలవాటు. అందుకే ఆ పేరు కాస్తా పల్లంరాజు ఎత్తుకున్న పద్యం మొదటి పాదం మీద పడింది. పేరు కోసేస్తే పద్యం తెగుతుంది. ఉంచితే, ఎవడు బయటపెట్టాడో చిన్నపిల్లాడైనా చెప్తాడు. లోపలి సరుకు బయటికి పోతే పోగొట్టినవాడితోపాటు పూచీ పడ్డవాణ్ణీ వెళ్లగొడతారు. అదీ రూలు.

ఇదంతా విని రత్నమాణిక్యం బుగ్గన వేలు పెట్టుకుంది.

"అదేంటండీ! మీ టేపు మీరివ్వడానికి మీకు అడ్డేంటండీ?"

"లోపలికెళ్లాక మనది కాదమ్మా. అందరిదీ."

"అందరిదీ అయితే మాకెందుకు లేదండీ? మా అమ్మకి చూపు పోయింది. చెవులొక్కటే మిగిలాయి. నాన్నతో ఆడవేషం కట్టినాయన నరసాపురంలో మంచాన ఉన్నాడు. ఊరికొకళ్లు అడుగుతున్నారు." పెట్టె మీద వేలితో కొట్టింది. "రేకు చుట్టి మూత బిగిస్తే పాడవదండీ, నిజమే. ఎవరూ తినకపోతే చుట్టడమెందుకూ?"

బుల్లబ్బాయి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి ఉదయభాస్కర్ గారికి ఫోను చేశాడు. సంగతంతా చెప్పాడు.

"బయట పెడితే వారం బతుకుద్దండీ బుల్లబ్బాయి గారూ. ఎగబడి తీసుకుంటారు, ఒక్కడూ నిలబడడు. లోపలైతే మనం పోయాక కూడా ఉంటుంది."

"ఉంటుందండీ. ఇన్నేళ్లలో దాన్ని తీసుకున్నది పదకొండు మంది. మీరూ నేనూ అందులోనే."

"నా ముప్పై ఏళ్ల వేట అంతా అక్కడే ఉందండీ. మీ మీద నేను పూచీ పడ్డాను. అది మర్చిపోకండి."

"మర్చిపోలేదు కాబట్టే అడుగుతున్నానండీ."

"అడిగారుగా. వద్దంటున్నాను." ఫోను పెట్టేశారు.

బుల్లబ్బాయి గోరు కింద నలుపు కాసేపు చూసుకున్నాడు. తర్వాత పెన్‌డ్రైవులో నాటకం మొత్తం ఎక్కించి రత్నమాణిక్యం చేతిలో పెట్టాడు. ఆమెను బస్సెక్కించి వచ్చి, లోపలి పెద్దలకి నాలుగు ముక్కలు రాశాడు. టేపు నాది, బయటపెట్టేది నేను, ఉదయభాస్కర్ గారు వద్దనే అన్నారు, ఆయన్ని వదిలెయ్యండి. రాసి, అదే ఫైలు బయట పెట్టేశాడు. పేరు కొయ్యలేదు.

భార్య సత్యకుమారి క్యారేజీ తెచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. రెండే వాక్యాలు. రూలు ఇద్దరికీ వర్తిస్తుంది. సెలవు. పచ్చచుక్క ఆరిపోయింది.

"అదేంటండీ, అన్నం ముందు పెట్టుకుని ఆ చూపేంటి?"

"బళ్లోంచి తీసేశారే," అన్నాడు. "మళ్లీ."

ఆవిడకి అర్థం కాలేదు. పప్పు చల్లారిపోతోందని కసిరి, మూత తీసిపెట్టి ఇంటికి వెళ్లింది.

రెండింటికి రత్నమాణిక్యం ఫోను. ఏడుపో నవ్వో తెలియని గొంతు. "మా అమ్మ విందండీ. మొట్టమొదట ఏమందో తెలుసా? 'ఎవడే ఈ కుర్రాడు, మీ నాన్న గొంతుకి అడ్డొస్తున్నాడు?' అందండీ!"

బుల్లబ్బాయి ఒక్కడే కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. ఇంక అన్నం మాట మరచి తెర చూస్తూ ఉండిపోయాడు. తీసుకునేవాళ్లు పద్నాలుగు మంది. ఇచ్చేవాడు ఒకడు, తను. కాసేపటికి ఇచ్చేవాళ్ల అంకె రెండయింది, మూడయింది, పని తీరిన వాళ్లు పోగానే మళ్లీ ఒకటి. ఉదయభాస్కర్ గారు అన్నట్టే. మూడున్నరకి మళ్లీ రెండు. ఈసారి ఆ రెండు కదల్లేదు. పావుగంట అయింది, అరగంట అయింది. ఫైలు మొత్తం చేతికొచ్చాక కూడా ఎవడో తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్నాడు. ఎవడై ఉంటాడు? ఆడవేషం ఆయన మనవడా? దేశం కాని దేశంలో ఎవడైనానా? బుల్లబ్బాయి కుర్చీ ముందుకు జరుపుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆ అంకెనే చూశాడు.

నాలుగున్నరకి టీ ఫ్లాస్కుతో వచ్చిన సత్యకుమారి, కునుకు పట్టిందనుకుని భుజం తట్టింది. తట్టిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు ఉదయభాస్కర్ గారు గోదావరి వంతెన దాటి వచ్చారు. దహనం అదీ అయిపోయాక, కొట్టు తాళం తియ్యమని సత్యకుమారిని అడిగారు. కంప్యూటరు నడుస్తూనే ఉంది.

"ఆపెయ్యమంటారాండీ అన్నయ్యగారూ? ఎలా ఆపాలో నాకు తెలీదు."

"వద్దమ్మా." ఆయన తెర మీది అంకె దగ్గర వేలు పెట్టారు. "ఈ రెండోవాడు నేనేనమ్మా. నన్నూ పంపించేశారుగా, ఊరికే కూర్చోలేక. ఈ రెండోవాడు ఎవడో ఆయనకి చెప్పి ఉడికిద్దామని రాత్రంతా ఫోను చేశాను. ఎత్తలేదు."

ఆవిడ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన తలుపు దగ్గరగా వేశారు.

టేబులు మీద, మూత తీసిన క్యారేజీ పక్కన, కంప్యూటరుకి తగిలించిన అరచేతి పాటి హార్డుడిస్కు. దానికి అంటించిన పాత క్యాసెట్టు చీటీ మీద బుల్లబ్బాయి గుండ్రటి రాత: మొగల్తూరు, పల్లంరాజు గారు, ఎవరడిగినా ఇవ్వాలి. దాని మూలనున్న నీలం దీపం ఆగి ఆగి మిణుకుమంటోంది, ఎక్కడో ఎవరో అడిగినప్పుడల్లా.