మంచు మోసుకొచ్చిన రాళ్ళు

బాలవ్వ చేనులో జొన్న కంటే రాళ్ళే బాగా పండుతాయని ఊరంతా ఒప్పుకునేది. ఒప్పుకోని వాళ్ళను బాలవ్వ ఊరికే వదిలిపెట్టేది కాదు. పదకొండేళ్ళుగా ప్రతి ఎండాకాలం ఆమె, ఆమె పెనిమిటి నాగయ్య తట్టలు పట్టుకుని రాళ్ళు ఏరేవాళ్ళు. ఒక్క వానాకాలం గడిచేసరికి ఎవరో పగబట్టి విత్తినట్టు మళ్ళీ అన్నీ పైకి తేలేవి. పిడికిలంతవి, తలకాయంతవి, పడుకున్న దూడంతవి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు, ఒకటి పాలతెలుపు. ఒక జాతివి కావు, ఒక ఊరివి కావు. అంగడికి వచ్చిన జనంలాగా ఎక్కడెక్కడివో వచ్చి అక్కడే కూలబడ్డాయి.

అసలు కడుపుమంట రాళ్ళ మీద కాదు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు వాగుకు తూర్పునున్న నల్లరేగడి పెద్దవాడు రాజయ్యకు పోయింది, పడమటి రాళ్ళచేను నాగయ్యకు వచ్చింది. నాగయ్య మెతకమనిషి. "ఏదైతేంది తీ" అన్నాడు. ఆ ఒక్కమాటకు బాలవ్వ అతన్ని ఇప్పటికీ వారానికోసారి దులుపుతుంది. దానికి తోడు రాజయ్య భార్య సక్కుబాయి వాగు అవతలి గట్టున నిలబడి, "ఏం బాలవ్వా, గీయేడు రాళ్ళు మంచిగ కాసినయా?" అని అడిగేది. తోడికోడళ్ళ మధ్య అంతకు మించి మాటలు సాగేవి కావు.

వాళ్ళ ఊరు శ్రీరాంపూర్ నుంచి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. పోలీసు యాక్షన్ జరిగిన అయిదేళ్ళకు, జొన్నకోతలు అయిపోతుండగా, ఆ ఊరికి సర్వే సారు వచ్చాడు. పేరు రామచంద్రం. చొప్పదండి పిల్లవాడే, హైదరాబాదులో చదువుకుని వచ్చాడు. చేతిలో సుత్తి, భుజాన గుడ్డసంచీ, మోకాళ్ళ దాకా దుమ్ము. బొగ్గు కోసం వెతుకుతున్నాడు. వాగుకు అటు సక్కుబాయి చేనులో ఒకటి, ఇటు బాలవ్వ చేనులో ఒకటి, చేన్లు తిరిగి చూడకముందే పటం లెక్కన, వెదురుకర్రలకు ఎర్రజెండాలు కట్టించి పాతించాడు. రెండింటిలో ఏదో ఒకచోట బోరు వేస్తారట. బోరులో బొగ్గు పడితే చేను సర్కారుదట.

"పైసలిస్తరట గదనే" అన్నాడు నాగయ్య.

"పైసలను దున్నుతమా? పైసల మీద జొన్న మొలుస్తదా?" అంది బాలవ్వ. ఎంత తిట్టుకున్నా ఆ చేను తనది. ఆమె నడుము అరిగింది ఆ చేనులోనే. పోవలసి వస్తే సక్కుబాయి రేగడి పోనీ అని దేవుడికి దండం కూడా పెట్టుకుంది.

సారు ఏ రాయిని సంచీలో వేసుకుంటే ఆ భూమిలో బొగ్గు ఉన్నట్టేనని ఊళ్ళో పుకారు లేచింది. బాలవ్వ కళ్ళారా చూసింది కూడా. బండ్లబాటలో ఆయన ఒక రాయిని తీసి, ఉమ్మితో తుడిచి, ముద్దు పెట్టుకోవడమొక్కటే తక్కువగా అటూ ఇటూ తిప్పి, సంచీలో వేసుకున్నాడు. ఆ రాయి ఒక పక్క చదునుగా ఉంది, చదును మీద గోటితో గీరినట్టు వరసగా గీతలున్నాయి. అలాంటివి ఆమె చేనులో బండెడు ఉన్నాయి.

ఇక ఆలుమగలు మూడు రోజులు నిద్రాహారాలు మరిచారు. గీతల రాయి కనబడితే చాలు తట్టలోకి, తట్ట నుంచి వాగుమడుగులోకి. అవతల సక్కుబాయి బట్టలు ఉతుకుతూ, "వాగుల పారేసే బుద్ధి పదకొండేండ్లకు వచ్చిందా చెల్లె?" అని పకపకా నవ్వింది. బాలవ్వ పళ్ళు నూరుకుంటూ మరో తట్ట గుమ్మరించింది. మూడో రోజు పొద్దుగూకేసరికి చేను పైన ఒక్క గీతల రాయి కూడా లేదు.

నాలుగో రోజు పొద్దున సారు ఏమనుకుంటున్నాడో కూపీ లాగుదామని బాలవ్వ రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం పట్టుకుని ఆయన దిగిన చావిడికి వెళ్ళింది. ఆయన ఆ రాయినే ముందు పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు.

"సారూ, గా రాయిల ఏమున్నదని గట్ల చూస్తున్నవు?" అంది ఏమీ ఎరగనట్టు.

ఆకలి మీదున్న మనిషికి రొట్టె పెట్టి, తనకిష్టమైన సంగతి అడిగితే ఇక ఆగుతాడా? "అక్కా, గిది గీడ పుట్టింది కాదు. మంచు మోసుకొచ్చింది" అన్నాడు నోట్లో ముద్దతోనే.

"మంచా? పొద్దుగాల గడ్డి మీదుంటది, గదేనా? గది గడ్డిపోచను వంచలేదు, రాయిని మోస్తదా?"

"గట్ల కాదు. నువ్వు వడగండ్లు చూసినవా?"

"చూడకేంది! పోయినేడు మా దొడ్డిగోడ పక్కకు మోకాలెత్తు పడ్డయ్. తెల్లారి పారతోని తీద్దమంటే రాలే. అన్ని కలిసి ఒక్కటే బండ అయినయ్."

రామచంద్రం రొట్టె పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "గదే అక్కా! నేను కాలేజీల రెండేండ్లు చదివింది నువ్వు దొడ్ల చూసినవు. కోట్ల ఏండ్ల కింద గీ జాగంత చలిదేశం. మంచు పడేది, ఎండకు కరిగేది కాదు. పోయినేటి మంచు మీద గీయేటి మంచు. గట్ల వేల ఏండ్లు. పై బరువుకు కింది మంచు నలిగి నలిగి బండ అయింది. తాడిచెట్ల మీద తాడిచెట్లు నిలబెట్టినంత మందం."

"అయితే నిలబడే ఉంటది గద. నడుసుడేంది?"

"గంత బరువు నిలబడది. సొంత బరువుకే కిందికి జారుతది."

బాలవ్వ ఆలోచించింది. "పిండి పలుచగ కలిస్తే ముద్ద నిలబడక పళ్ళెం అంచులకు జారినట్టా?"

"గంతే. రోజుకు జానెడో మూరెడో. నదిలెక్కనే, కాకుంటే తొందర లేని నది. పోయే దారిల గుట్టలను గీకింది, రాళ్ళను పెరికింది, పొట్ట కిందికి పట్టుకొని పోయింది. పొట్ట కింది రాళ్ళు నేలను రాసినయ్, నేల రాళ్ళను రాసింది. గందుకే గీ చదును, గీ గీతలు. లోయలను వెడల్పు చేసింది, బండలను నున్నగ చేసింది. ఆఖరికి వేడి పెరిగి కరిగిపోయింది. మోసుకొచ్చిన సామానంత ఎక్కడిదక్కడ దించిపోయింది."

ఇంత పెద్ద దేశంలో దానికి సామాను దించుకోవడానికి నా చేనే దొరికిందా అని బాలవ్వ మనసులో అనుకుంది. పైకి మాత్రం, "మరి బొగ్గు?" అని అసలు సంగతికి వచ్చింది.

"మంచు పోయినంక గీ రాళ్ళ మీద అడవులు మొలిచినయ్. గా అడవులే మట్టిల పడి బొగ్గయినయ్. అంటే మంచురాళ్ళ పొర అడుగున, బొగ్గు పైన. గీ రాళ్ళే నేల మీద కనబడుతున్నయంటే పైనున్న బొగ్గు ఎన్నడో కొట్టుకపోయినట్టు. గసొంటి చేన్ల బోరు వేసుడు దండుగ. బాట మీద గీ ఒక్కటే దొరికింది, ఎక్కడిదో తెల్వది. గిసొంటివి నిండుగున్న చేను దొరికితే గప్పుడే జెండా పీకేస్తుంటి."

బాలవ్వ లెక్క వేసుకుంది. మూడు రోజులు, నూటా యాభై తట్టలు, పట్టేసిన నడుము! తన చేనుకు సాక్ష్యం చెప్పే రాళ్ళను తన చేతులతోనే తీసుకెళ్ళి నీళ్ళలో పారేసింది.

ఆమె వాగు దాకా పరుగెత్తింది. చీర ఎగ్గట్టి మడుగులో దిగి, మూడు రాళ్ళు కొంగులో వేసుకుని పైకి వచ్చేసరికి రామచంద్రం వెనకాలే వచ్చి గట్టున నిలబడ్డాడు.

"గివి నా చేన్లవే సారూ! పారేసింది నేనే. తప్పయింది."

ఆయన రాళ్ళు చూసి మురిసిపోయాడు గాని తల అడ్డంగా ఊపాడు. "వాగు పదూర్ల రాళ్ళు తెస్తది అక్కా. నీళ్ళు కారే రాయిని చూపించి గిది చేనుదంటే మా పెద్దసారు నమ్మడు. రాయి కూసున్న కాడనే కూసోని కనబడాలె. మట్టిల ఇరుక్కోని."

అవతలి గట్టున బట్టలు పిండుతున్న సక్కుబాయికి ఈ గొడవంతా తల తోక తెలియలేదు. సారు రాళ్ళ కోసం వెతుకుతున్నాడన్నది మాత్రం అర్థమైంది. అంత మంచి అవకాశం వదులుకునే మనిషి కాదామె. "రాళ్ళే కావాల్నా సారూ? దాని బాయిల చూడుండ్రి! నాలుగు నిలువులు తోడిండ్రు, నీళ్ళు తప్ప అన్నీ పడ్డయ్!" అని అరిచింది.

నిజమే, చేను మూలన ఆ పాడుబావి ఉంది. రెండు ఎండాకాలాలు తవ్వారు, చుక్క నీరు పడలేదు. నలుగురూ నవ్వుతారని బాలవ్వ దానిమీద రేగుకంప కప్పించింది. ఆ బావి పేరెత్తితే ఆమెకు ఒళ్ళు మండేది. కాని ఆ నిమిషాన మాత్రం సక్కుబాయి నోటికి చక్కెర పోయాలనిపించింది.

కంప లాగేశారు. నాగయ్య మోకు వదిలాడు, రామచంద్రం దిగాడు. బూడిదరంగు మట్టిగోడ నిండా రాళ్ళే, చిన్నా పెద్దా కలగలిసి, అడ్డదిడ్డంగా ఇరుక్కుని. అడుగు నుంచి ఆయన కేకలు వినబడ్డాయి. ఏం కరిచిందోనని బాలవ్వ కూడా గోడకు చెక్కిన మెట్ల మీద కాళ్ళు పెట్టుకుంటూ దిగింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అడుగుబండ మీది మట్టిని అరచేత్తో తుడుస్తున్నాడు. తవ్వకం ఆగిపోయింది ఆ బండ దగ్గరే. నున్నటి సున్నపుబండ, దాని మీద బారెడేసి గీతలు, అన్నీ ఒకే దిక్కుకు.

"గిటు నుంచే నడిచిపోయింది అక్కా" అన్నాడాయన గుసగుసగా, ఆ మంచుకు వినబడుతుందేమో అన్నట్టు.

బాలవ్వ ఒక గీతలో వేలు పెట్టి చివరిదాకా లాగింది. చల్లగా ఉంది. ఎంత బరువు, ఎంత ఓపిక అనుకుంది. మొదటిసారి ఆ రాళ్ళ మీద ఆమెకు కోపం రాలేదు.

మధ్యాహ్నానికి ఆమె చేనులో జెండా పీకేశారు. బాలవ్వ సంతోషం పట్టలేక దారిన పోయేవాళ్ళందరినీ పిలిచి బెల్లం పెట్టింది. నాగయ్యను కూడా ఆ వారానికి దులపలేదు. పొద్దు వాలుతుండగా రామచంద్రం వచ్చి సెలవు తీసుకుంటూ చెప్పాడు. ఇక్కడి పొరలు తూర్పుకు వాలి ఉన్నాయట. వాగు దాటితే ఈ రాళ్ళపొర లోతుకు పోయి, దాని పైన బొగ్గు మిగిలి ఉండవచ్చట. ఎల్లుండి సక్కుబాయి చేనులో బోరు వేస్తారట.

తను దండం పెట్టి కోరుకున్నదే జరిగింది. బెల్లం మాత్రం చేదయింది. బాలవ్వ కాసేపు అటూ ఇటూ తిరిగి, ఉండబట్టలేక వాగు దాటింది.

సక్కుబాయి నల్లమట్టిలో జెండా పక్కన కూర్చుని ఉంది. "బాయి నేనే చూపిస్తి గదనే" అంది, ఎవరితోనో అన్నట్టు.

పదకొండేళ్ళుగా సానబెట్టుకున్న మాటలు బాలవ్వ నాలుక చివరన ఉన్నాయి. కాని ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. పొద్దుటిదాకా తన కడుపులో ఉన్న భయమే ఎదురుగా కూర్చుని ఉంది.

"బొగ్గు పడకపోవచ్చు అక్కా. సారే అన్నడు, బోరు వేస్తెగాని తెల్వదని."

"పడితే?"

"పడితే మా దిక్కు రాండ్రి. సగం మీరు దున్నుకోండ్రి."

"గా రాళ్ళల్లనా?" అంది సక్కుబాయి. ఆ గొంతులో వెక్కిరింత లేదు, దిగులే ఉంది.

బాలవ్వ చుట్టూ చూసి, పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "ఒక్కమాట చెప్త. మీ మరిదికి సుత చెప్పలే. పెద్దయే ఏరాలె, చిన్నయి ఉండనియ్యాలె. చిన్నరాళ్ళ కింద తడి ఆరది. వానలు ఎగ్గొట్టిన యేడు మీ రేగడి నెర్రెలు బాసింది, జొన్న ఎండింది. యాదికున్నదా? మాది గింజ పట్టింది."

సక్కుబాయి నోరు తెరుచుకుని చూసింది. "మరి గిన్నేండ్లు రాళ్ళు రాళ్ళని ఊరంత ఏడ్చినవేందే?"

"ఏడ్వకుంటే బావ మల్ల పంచుదమనేటోడు."

సక్కుబాయికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బాలవ్వ లేవలేదు, ఓదార్చనూ లేదు, భుజానికి భుజం ఆనించి కూర్చుంది. సక్కుబాయి ముఖం తుడుచుకుని అడిగింది.

"ఎంత పెద్దయి ఏరాలె?"

బాలవ్వ చెయ్యి చాచి పిడికిలి మూసి చూపించింది. సక్కుబాయి తన పిడికిలి కూడా మూసి, దాని పక్కన పెట్టి చూసుకుంది.