ముక్కాయన గది

మా ఆయన్ని అందరూ ముక్కాయన అంటారు. ముక్కు పెద్దదని కాదు. అగరొత్తి వెలిగించి ఆయన ముందు పెడితే చాలు, అందులో ఏ సెంటు ఎంత పడిందో, ఎక్కడ తగ్గిందో ఇట్టే చెప్పేస్తారని. మాది అగరొత్తులు చేసే ఇల్లు. వెనక షెడ్డులో పుల్లలకి బొగ్గుపొడీ చెక్కపొడీ కలిపిన ముద్ద చుడతాం, ఆరాక సెంటులో ముంచుతాం, మళ్లీ ఆరబెడతాం. ఆ చాకిరీ నాదీ మా కోడలిదీ. ముందుగదిలో తలుపేసుకుని కూర్చుని, వాసన చూసి, ఔనో కాదో తేల్చడం ఆయనది. కష్టం మాది, పేరు ఆయనది. పోనీలెండి, ఇప్పుడు నా బాధ అది కాదు.

నా బాధ ఆ గది. "గాలి అబద్ధాలకోరు. కాస్త దూరనిచ్చామంటే వాసనంతా తారుమారు చేస్తుంది" అంటారు ఆయన. ఎవరూ పొరపాటున కూడా తీయకూడదని రెండు కిటికీలకీ మేకులు కొట్టించారు. మరి పొగ ఎటు పోతుంది? తలుపు కింద సందులోంచి ఇంట్లోకే వస్తుంది. పరుపులకీ, తువ్వాళ్లకీ, ఆఖరికి తాగే నీళ్లకీ అదే కంపు. కంపంటే ఆయనకి కోపం, పరిమళం అనాలట.

ఇన్నేళ్లూ నేను భరించాను. మా మనవరాలు భరించలేకపోయింది. అయిదేళ్ల పిల్ల, పిట్టంత ఉంటుందని పిచ్చుక అంటాం. పడుకుంటే చాలు, గుండెల్లో పిల్లికూతలు. మా అబ్బాయి లారీ నడుపుతాడు, ఇంటి పట్టున ఉండేది తక్కువ. అందుకని నేనూ కోడలే దాన్నెత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం.

ఆవిడ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, "ఇంట్లో ఎవరైనా సిగరెట్లు తాగుతారా?" అంది. ఛ, ఛ, లేదన్నాం. అగరొత్తుల పని మాత్రం ఉందన్నాం.

"పొగ పొగేనమ్మా. మంచి వాసనొచ్చినంత మాత్రాన మంచిదైపోదు. కంటికి కనబడని నుసి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, మూసేసిన ఇంట్లో అయితే మరీనూ. మందు రాస్తాను. కానీ మీరు పొగ ఆపకపోతే నా మందేం చేస్తుంది?" అంది.

ఇంటికొచ్చి ఆయనకి చెప్తే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "అగరొత్తులు చేసే ఇంట్లో పొగొద్దంటే, చేపలమ్మే ఇంట్లో నీచొద్దన్నట్టుంది. జన్మంతా ఇదే పీల్చాను, నాకేమైంది? దుక్కలా లేనూ?" అన్నారు. పోనీ షెడ్డులో చూసుకోండి అంటే గాలి తగులుతుందన్నారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. పైగా ఒకప్పుడు ఒక్కటి వెలిగించి తేల్చేసే మనిషి, ఈ మధ్య గుప్పెళ్లకి గుప్పెళ్లు వెలిగిస్తున్నారు. "మీరు సెంటు సరిగ్గా పట్టించట్లేదు, ఘాటు లేదు" అని విసుగు కూడా మా మీదే.

ఘాటెందుకు లేదో మొన్న పొద్దున తెలిసింది. మా కోడలు కంగారులో మల్లె సెంటులో ముంచిన కట్ట బదులు పచ్చి పుల్లల కట్ట ఆయనకిచ్చేసింది. పచ్చి పుల్లంటే సెంటు చుక్కయినా తగలనిది, వెలిగిస్తే మాడిన బొగ్గు కంపు తప్ప ఇంకేం రాదు. దానికి గుర్తొచ్చి లబోదిబోమంటూ వచ్చి నాకు చెప్పింది. ఇద్దరం గదిలోకి పోయేసరికి ఆయన కళ్లు మూసుకుని తల పంకిస్తున్నారు.

"మల్లె ఇన్నాళ్లకి కుదిరింది. ఇంకాస్త పట్టించండి, చాలు."

నేను కోడలి మొహం చూశాను, అది నా మొహం చూసింది. చెప్పొద్దత్తయ్యా అని కళ్లతోనే బతిమాలింది. ఏళ్ల తరబడి ఆ పొగలో కూర్చున్నందుకో, వయసుకో, ఆయన ముక్కు ఎప్పుడో పోయింది. ఆ సంగతి ఆయనకీ ఎంతో కొంత తెలిసే ఉండాలి. అబద్ధమెందుకు, నాకు జాలేసింది. ముక్కు పోయిన ముక్కాయనకి ఇంకేం మిగులుతుంది? నోరు మూసుకుని బయటికొచ్చేశాను.

ఆ సాయంత్రమే పిచ్చుకకి ఊపిరందలేదు. డొక్కలెగరేస్తోంది, మాట రావట్లేదు. మందు పీల్చించి, వీపు నిమురుతూ కూర్చుంటే చాలాసేపటికి తేరుకుంది. తలుపవతల ఆయన ఇంకో గుప్పెడు వెలిగించడానికి అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తనకి అందని వాసన కోసం ఆయన వెతుకుతూ ఉంటే, నా మనవరాలు ఊపిరి కోసం వెతుక్కోవాలన్నమాట. అక్కడితో నా జాలి చచ్చింది.

పిల్లని బయట మెట్ల మీదికి తీసుకెళ్లమని కోడలికి చెప్పి, సుత్తి పట్టుకుని గదిలోకి పోయాను. వెలుగుతున్న పుల్లలన్నీ లాగి ఆయన మంచినీళ్ల గ్లాసులో ముంచాను. మొదటి కిటికీకి కొట్టిన మేకులు పీకి, తలుపులు బార్లా తీశాను.

"పిచ్చెక్కిందా నీకు? సరుకంతా పాడవుతుంది."

"పొమ్మనలేక పొగబెట్టడమని వినడమే గానీ, సొంత మనవరాలికి పెట్టే తాతని ఇప్పుడే చూస్తున్నా."

"పిల్లలన్నాక దగ్గుతారు. అందుకని నా పని మానుకోమంటావా?"

"ఏ పనండీ? పొద్దున మీరు మెచ్చుకున్న మల్లె, సెంటు పడని పచ్చి పుల్ల."

ఆయన నవ్వారు. నేను నవ్వకపోయేసరికి లేచి గబగబా మెట్ల దగ్గరికి పోయారు. నేనూ సుత్తితోనే వెనకే పోయాను.

"ఏమ్మా, మీ అత్తకి మతిపోయింది కదూ?"

కాపురానికొచ్చిన నాటి నుంచీ ఆయన మాటకి ఎదురు చెప్పని పిల్ల అది. కూతుర్ని భుజమ్మీద సర్దుకుని, తలెత్తి, "నిజమే మావయ్యగారూ. ఆ కట్ట నేనే ఇచ్చాను" అంది.

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డారు.

"అయితే ఈ ఇంట్లో ఇంక నేనెవర్ని?"

"దానికి తాతగారు. అది చాలదా మీకు?" అన్నాను.

కోడలు పిల్లని ఆయన ఒళ్లో కూర్చోబెట్టింది. అది అలిసిపోయి ఆయన మీదికి వాలింది. ఆయన తల వంచి దాని వీపుకి చెవి ఆనించారు. ఆనించి, అలాగే ఉండిపోయారు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా కూస్తోంది?" అన్నారు.

"మీరు తలుపేసుకుని కూర్చున్నప్పట్నుంచీ."

ఆయన పైకి చూడలేదు. నావైపు చెయ్యి చాపారు. "సుత్తి ఇటివ్వు. రెండోది నేను తీస్తాను."

"పిల్లని పట్టుకోండి" అన్నాను. "కిటికీ నేను చూసుకుంటాను."