రోబో ఎడమ చెయ్యి

తమ్ముడు పోయిన నెలకి మరదలు ఒక అట్టపెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"దీనికి ఎడమ చెయ్యి పెట్టించి తెండి వదినా. ఆయన సామాన్లన్నీ సర్దేశాను గానీ, దీన్ని ఇలా చూడలేకపోతున్నాను."

లోపల జానెడు ఎత్తు రోబో. ముక్కలు జిగురుతో అతికించి తయారుచేసుకునే రకం. నలభై ఏళ్ళ నాటిది.

"నేను పదిసార్లు పిలిచినా పలికేవారు కాదు. దీని మీద దుమ్ము పడితే మాత్రం పరిగెత్తుకొచ్చేవారు. ఇంటికెవరొచ్చినా చూపించి, 'ఇది నకిలీది, మా అక్కదే అసలుది' అని నవ్వేవారు."

ఆ మాట నాదే.

నాన్న మా ఇద్దరికీ చెరొకటి కొన్నారు. రూపం ఒకటే. పెట్టెల మీద కంపెనీలు వేరు, పేర్లు వేరు. టీవీలో వచ్చే పేరు నా పెట్టె మీద ఉంది. "నీది నకిలీదిరా" అన్నాను. నాకు పన్నెండేళ్ళు, వాడికి ఎనిమిది. వాడు వాదించలేదు. దాని ఎడమ చెయ్యి ఊడబెరికి మేడ మీంచి విసిరేశాడు. గెలిచాననుకున్నాను. తర్వాత నాది విరిగిపోతే చెత్తబుట్టలో వేశాను.

మా బడి వీధిలో పాత బొమ్మలు బాగుచేసే ముసలాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నకిలీది. దీనికి చెయ్యి దొరుకుతుందా?" అన్నాను.

"నకిలీదని ఎవరన్నారు టీచరమ్మా? వాళ్ళ నోట్లో నా జిగురు పొయ్య!"

నేను అట్టపెట్టె ఆయన ముందుకు జరిపాను.

"బొమ్మ గీసినాయన ఒక్కడే. ఆయన దగ్గర రెండు కంపెనీలు హక్కులు తీసుకున్నాయి. ఎవరి అచ్చు వాళ్ళు చేసుకున్నారు, ఎవరి పేరు వాళ్ళు పెట్టుకున్నారు. రెండూ అసలువే."

మాట్లాడుతూనే పెట్టె అడుగున ఉన్న కాగితం పొట్లం విప్పాడు. అందులో ఒక ఆకురాయి, ఒక ఎడమ చెయ్యి.

"ఈ చెయ్యి ఇంకో కంపెనీ బొమ్మది. భుజంలో దూరే ముక్క కాస్త లావు. ఎవరో అరగదీస్తున్నారు, పొడి ఇంకా అంటుకునే ఉంది. ఇంకో నాలుగుసార్లు రుద్దితే పడుతుంది. రుద్దమంటారా?"

చేతిలోకి తీసుకుని తిప్పాను. అరచేతి కింద సిరాతో పదిహేడు అని రాసి ఉంది. ఆరో తరగతిలో నా రోల్ నంబరు.

"నేను రుద్దుతాను" అన్నాను. ఆయన స్టూలు నా వైపు జరిపాడు.

సాయంత్రం మరదలు రోబోని దీపం కింద పెట్టి చూసింది.

"రంగు కలవలేదేంటి వదినా? ఒళ్ళంతా నీలం, ఈ చెయ్యొక్కటే బూడిద రంగు."

"అది నా బొమ్మది. వాడు దాచాడు."

"అంటే ఇదొక్కటే అసలుదా?"

"కాదు. రెండూ అసలువే."

దీపాన్ని దగ్గరికి జరుపుతూ అడిగింది. "ఈ సంగతి ఆయనకి తెలుసా?"

"నాకే ఇవాళ తెలిసింది" అన్నాను.