పదో వరస

కాలువ పక్క కాలేజీలో కబడ్డీ బరిని ముప్పై ఆరేళ్ళు చూసుకున్నవాడు రత్తయ్య. చదివింది మూడో తరగతి. మాట తక్కువ మనిషి. పది అడిగితే ఒకటి చెబుతాడు, అదీ నేల గురించి అడిగితేనే. నేల విషయంలో మాత్రం ఆయన మాటకు ఎదురు లేదు.

ఆట మొదలయ్యే ముందు అక్కడ ఒక పద్ధతి ఉండేది. రెండు జట్లూ గీత బయట నిలబడేవి. రత్తయ్య చెప్పులు విడిచి, ఈ మూల నుంచి ఆ మూలకు మడమ నొక్కుకుంటూ నడిచేవాడు. కృష్ణ ఒడ్డు నల్లమట్టిని నమ్మడానికి లేదు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల పెరుగులా ఉంటుంది. కంటికి తెలియదు, మడమకు తెలుస్తుంది. నడక ముగించి ఆయన చెప్పులు తొడుక్కుంటే బరి సిద్ధమని అర్థం. చెప్పులు చేత్తో పట్టుకుని బయటికొస్తే ఆ పూట ఆట లేదు. ప్రిన్సిపాల్ గారైనా మారు మాట్లాడేవారు కాదు.

ఇంకో పని కూడా చేసేవాడు, అది ఎవరూ చెప్పింది కాదు. ఆ రోజుల్లో పుస్తకంలో జట్టు పాయింట్లు రాసేవాళ్ళే తప్ప, కూతకెళ్ళి ఎవడు ఎంతమందిని తాకి వచ్చాడో రాసేవాళ్ళు కాదు. రత్తయ్యకు ఆ లెక్క కావాలి. గీతలు గీయగా మిగిలిన సున్నంలో తుమ్మజిగురు కలిపి, సామాన్ల గది లోపలి ఇటుక గోడ మీద బొటనవేలితో అద్దేవాడు. ఒక మనిషి అవుటైతే ఒక వేలిముద్ర. ఒక ఆటకు ఒక వరస. ఆ ఆటలో ఎవరినీ తాకలేకపోతే వరసలో ఒక సున్నా. ఆటగాళ్ళు ఆ గది గుమ్మంలో నిలబడి తమ వరసలు చూసుకుని మురిసేవాళ్ళు.

ఇప్పుడా గోడ అవసరం వచ్చింది. కాలేజీకి యాభై ఏళ్ళు దాటాయని కొత్తగా కట్టిన ఆటల హాల్లో ఒక బోర్డు పెడుతున్నారు. ఇన్నేళ్ళలో ఒకే ఏడాది అందరికన్నా గొప్పగా కూతకెళ్ళినవాడెవడో తేల్చి, వాడి పేరు ఒక్కటే రాస్తారట. ఆ పని ఆటలు నేర్పే లెక్చరర్ రుచితకు అప్పగించారు. ఆమె భవానీపురంలో రత్తయ్య ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అప్పటికే గోడకు తీసిన ఫొటోలు ఫోన్లో చూపించింది.

చివరికి మిగిలింది ముగ్గురు. డెబ్బై నాలుగులో కొండలయ్య, పన్నెండు ఆటల్లో తొంభై ఆరు మందిని తాకాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఎనభై ఏడులో అంతోని, తొంభై నాలుగు. ఈ ఏడాది చిట్టిబాబు, పదిహేడు ఆటల్లో కంప్యూటర్ లెక్క ప్రకారం రెండొందల ముప్పై ఒకటి.

కానీ అప్పటికీ ఇప్పటికీ ఆట ఒకటి కాదు కదా అంది రుచిత. అప్పుడు మట్టి, ఇప్పుడు చాప. అప్పుడు బోనస్ గీత లేదు, ఇప్పుడు దాన్ని తొక్కి వస్తే చాలు పాయింటు. అందుకని ఆమె చిట్టిబాబు లెక్కలోంచి అలా వచ్చినవన్నీ తీసేసింది. తాకినవాళ్ళు నూట అరవై రెండు మంది మిగిలారు. ఆటకు తొమ్మిదిన్నర. కొండలయ్యకు ఆటకు ఎనిమిది. ఇక అంతోని దగ్గరికొచ్చి ఆమె ఆగిపోయింది.

"గోడ మీద అంతోని గారివి తొమ్మిది వరసలే ఉన్నాయండి. పాత పేపర్లో పది ఆటలని ఉంది. పదోది ఏదండీ?"

"లేదమ్మా," అన్నాడు రత్తయ్య.

తొమ్మిదైతే ఆటకు పది పైచిలుకు, అంతోనిదే బోర్డు. పది అయితే తొమ్మిదిన్నరకు కొంచెం తక్కువ, చిట్టిబాబుది. ఆ ఒక్క ఆట మీదే అంతా ఉంది. ఆడదగని నేల మీద ఆడించిన ఆటను మాత్రం లెక్కలో కలపకూడదని బోర్డు పెట్టే కమిటీ ముందే రాసుకుంది. ఆ రోజు నేల ఎలా ఉందో చెప్పగలిగినవాడు మీరొక్కరేనండీ అంది రుచిత. శనివారం పొద్దున కాలేజీకి రమ్మంది. అంతోని గారు కూడా వస్తున్నారని చెప్పి వెళ్ళింది.

ఆ నాలుగు రోజులూ రత్తయ్యకు అన్నం సయించలేదు. కోడలు నాగలక్ష్మి వంట్లో బాగాలేదా మావయ్యా అని అడిగితే, బాగానే ఉందన్నాడు.

ఎనభై ఏడు కార్తీకంలో తుపాను పట్టి మూడు రోజులు విడవకుండా కురిసింది. తర్వాత రెండు రోజులు ఎండ కాసింది. బరి పైపొర తెల్లబడింది. ఫైనల్ ఆ సాయంత్రమే. ఆడలేకపోతే కప్పు రెండు కాలేజీలకూ చెరిసగం, ఆ ఏడాదికి ఆటలు సరి. అంతోని తొంభై నాలుగు దగ్గరున్నాడు. కొండలయ్యను దాటడానికి మూడు కావాలి. అంతోని ఒక్కో కూతకు ఇద్దరిని లేపుకొచ్చేవాడు. మూడంటే వాడికి లెక్కలోది కాదు. రైల్వే జట్టు వాళ్ళు వాడి పేరు రాసుకుని పోయారని అందరూ చెప్పుకుంటున్నారు.

రత్తయ్య ఊకా ఇసకా చల్లి, జనమంతా చూస్తుండగా చెప్పులు విడిచి నడిచాడు. అవతలి సగంలో, ఎడమ మూల, మడమ కింద మెత్తగా తగిలింది. ఆగాడు. ఇంకోసారి నొక్కాడు. అప్పుడు ఆయనకు కనబడింది నేల కాదు, గోడ. కొండలయ్య వరసల పక్కన ఇంకో మూడు వేలిముద్రలు. నడక ముగించి, చెప్పులు తొడుక్కున్నాడు.

మొదటి కూతకే అంతోని ఎడమ మూలకు దూకాడు. కాలు దిగబడిపోయింది. మోకాలు పక్కకు మడతపడింది. ఏడుగురూ వాడి మీద పడ్డారు. వాళ్ళు లేచేసరికి అక్కడి మట్టంతా కలిసిపోయింది, ఏది పచ్చో ఏది పొడో ఎవరికీ తెలియలేదు. తొందరపడి దూకాడు, కాలు తప్పేశాడు అన్నారు. ఆట ఆగలేదు, ఓడిపోయారు. రైల్వే వాళ్ళు మళ్ళీ రాలేదు. అంతోని ఇబ్రహీంపట్నంలో సైకిల్ స్టాండు దగ్గర కూర్చుని టోకెన్లు ఇచ్చుకుంటూ బతికాడు. రత్తయ్య పదో వరస అద్దలేదు. చేయి రాలేదు.

శనివారం పొద్దున సామాన్ల గదిలో కుర్చీలు వేశారు. చిట్టిబాబు ముందే వచ్చి గోడ చూస్తున్నాడు. పొడుగ్గా, కాడలా ఉన్నాడు. రత్తయ్యను చూసి దగ్గరికొచ్చాడు.

"తాతా, మట్టిలో మీవాళ్ళు కూతకెళ్తే అవతలోళ్ళ కళ్ళల్లో దుమ్ము పడేదంటగా. సగం పాయింట్లు అవేనంట."

"నీ చాప మీద దుమ్ము లేదుగా. మరి ఏలూరోళ్ళ చేతిలో కళ్ళు మూసుకుని ఎందుకు పడ్డావ్?"

చిట్టిబాబు నవ్వాడు. రత్తయ్యకు కూడా నవ్వు రాబోయి, గేటు వైపు చూసి ఆగిపోయింది. అంతోని వస్తున్నాడు. జుట్టంతా నెరిసింది. కుడి కాలు వంగదు, దాన్ని పక్కనుంచి తిప్పి వేస్తున్నాడు. చేతిలో కర్ర. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

"బాగున్నావా బాబాయ్?" అని, కుర్చీలో కూర్చోకుండా ముందు గోడ దగ్గరికే వెళ్ళాడు. తన తొమ్మిది వరసలనూ పైనుంచి కిందికి చూశాడు. ఒకచోట వేలు పెట్టి, ఇది గుడివాడ వాళ్ళ మీద ఆడింది కదా, పదమూడు, అన్నాడు. అవునన్నాడు రత్తయ్య.

రుచిత తన లెక్క మొదటి నుంచి చెప్పింది. పది అయితే ఎలా, తొమ్మిదైతే ఎలా, అన్నీ చెప్పింది. తర్వాత అందరూ రత్తయ్య వైపు చూశారు. ఆయన రుచిత వైపు చూడలేదు.

"ఎడమ మూల పచ్చిగా ఉందిరా అంతోనీ. నా మడమకి తగిలింది. తగిలినా చెప్పులు తొడుక్కున్నా."

అంతోని కర్రను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎందుకు బాబాయ్?"

"ఇంకో మూడు పడితే కొండలయ్యని దాటేస్తావని. ఆట ఆపితే నీ లెక్క అక్కడే ఆగిపోద్దని."

"నేనడిగానా?"

"అడగలా."

గదిలో పాత వలల వాసన. బయట చాపల హాల్లో ఎవరో ఈల వేస్తున్నారు. అంతోని మెల్లగా కుర్చీలో కూర్చుని, వంగని కాలును చేత్తో ముందుకు జరుపుకున్నాడు.

"పొగరెక్కి దూకాను, అందుకే దేవుడు కాలు విరిచాడని మా అమ్మ ఏడ్చేది. అవునమ్మా అనేవాణ్ణి. మా ఆవిడకీ అదే చెప్పాను, నా పిల్లలకీ అదే చెప్పాను. తొందర పనికిరాదురా, నన్ను చూడండి అని. ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పాను బాబాయ్."

రత్తయ్య తల దించుకున్నాడు. తప్పయిందని అనాలని ఉంది. ఆ మాట ఈ కాలు పక్కన మరీ చిన్నదిగా ఉంది.

రుచిత, నేల ఆడదగింది కాదని తేలింది కనుక ఆ పదో ఆట లెక్కలోంచి పోతుందని, అంతోని గారి పేరే బోర్డు మీదికి వస్తుందని చెప్పింది. చిట్టిబాబు లేచి నిలబడ్డాడు. మీదేనండి, న్యాయం కూడా అదేనండి అన్నాడు. వాడి మొహంలో కల్మషం లేదు.

"వద్దు మేడం," అన్నాడు అంతోని. "పదే రాయండి."

ఆమె అర్థం కాక, మీకు అన్యాయం జరిగింది కదండీ అంది.

"మా నాయన దివిసీమలో పడవ మీద వలకెళ్ళేవాడండి. నేను ఎప్పుడు ఆడుతున్నా ఆయన నీళ్ళ మీదే. నా ఆట ఒక్కటీ చూళ్ళేదు. ఆ తుపానుకి పడవలన్నీ గట్టునే ఉండిపోయినయ్. అందుకని ఆ రోజొచ్చాడు. రెండు బస్సులు మారొచ్చి, బరి చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడ్డాడు. నేను కూత పెట్టి గీత దాటడం చూశాడు. ఆ ఒక్కటే చూశాడండి, పోయేదాకా. ఆ ఆట లేదంటే మా నాయన చూసిందేముంది?"

రుచిత ఫోన్లో ఏదో మార్చింది. తొమ్మిది తీసి పది వేసి ఉంటుంది.

అంతోని లేచాడు. చిట్టిబాబు భుజం మీద చెయ్యి వేశాడు. "నీదేలే. బాగా ఆడావంట. మోకాళ్ళు జాగ్రత్త," అన్నాడు.

గది ముందు రెండు మెట్లున్నాయి. రత్తయ్య గబగబా వెళ్ళి చేయి అందించాడు. అంతోని ఆ చేతిని చూశాడు. కర్రను రత్తయ్య వైపు చేతిలోకి మార్చుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ తనే దిగాడు. వస్తాను బాబాయ్ అన్నాడు కానీ, వెనక్కి తిరగలేదు. బస్సు ఎక్కించి వస్తానని చిట్టిబాబు వెంట నడిచాడు.

అందరూ వెళ్ళాక రత్తయ్య చెప్పులు గుమ్మం బయట విడిచి, ఒక్కడే గదిలోకి వెళ్ళాడు. మూలనున్న డబ్బాలో సున్నం ఎండి పెళ్ళలుగా ఉంది. కాసిని నీళ్ళు పోసి వేలితో మెదిపాడు. జిగురు లేదు. ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. తొమ్మిదో వరస కింద, ముప్పై ఎనిమిదేళ్ళుగా ఖాళీగా ఉన్న ఇటుక మీద, బొటనవేలు పెట్టి గుండ్రంగా తిప్పాడు. సున్నా చివర్లు సరిగ్గా కలవలేదు. దిద్దలేదు.

బయటికొచ్చి చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు. ఒకప్పటి బరి మీద ఇప్పుడు లెక్చరర్ల బళ్ళు పెట్టుకునే షెడ్డు ఉంది. ఆ సిమెంటు మీద, ఈ మూల నుంచి ఆ మూలకు, మడమ నొక్కుకుంటూ నడిచాడు. ఎండకు కాళ్ళు కాలుతున్నాయి. ఎడమ మూల దగ్గర కాసేపు నిలబడి, గేటు వైపు తిరిగాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ చూసి, "ఏంటి రత్తయ్య గారూ, చెప్పులు తెగినయ్యా?" అని అడిగాడు.

"లేదు," అన్నాడు రత్తయ్య. వాటిని అలాగే చేత్తో పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు.