రెండడుగులు పక్కకు

మందుల పెట్టె తెరిచి, సూదులూ సీసాలూ మరోసారి సరిచూసుకుంటున్నాడు సైనిక డాక్టరు. భార్య గుమ్మంలో నిలబడింది.

"కొలువులో ఆఖరి రోజు కూడా అదేనా? ఇవాళైనా ఒక్క ఫొటో దిగి రండి. ముప్ఫై ఏళ్ళు అధ్యక్షుల వెంట తిరిగారంటే మా చెల్లెలే నమ్మదు."

"దిగుతాలేవే. పెద్దాయనే రమ్మన్నాడు."

ఆమె ఉక్రోషంలో న్యాయముంది. ముగ్గురు అధ్యక్షుల నాడి చూసిన చెయ్యి అది. కానీ కొలువులో చేరిన రోజే చెప్పేశారు: నాయకుడి పక్కన డాక్టరు కనబడితే ఊరంతా గుసగుసలే, కెమెరా లేవగానే రెండడుగులు పక్కకు జరగాలి. జరిగాడు. సభల్లో, విమానం మెట్ల దగ్గర, జోరువానలో. కాపలావాళ్ళు 'నీడ' అని పేరే పెట్టేశారు. కూతురి పెళ్ళినాడు అధ్యక్షుడికి జ్వరం. ఆ ఫొటోల్లోనూ అతను లేడు.

పదింటికి అధ్యక్ష భవనంలో పెద్దాయన చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూశాడు.

"నూట యాభై. ఉప్పు తగ్గించమంటే వినరు కదా సార్!"

"నువ్వెళ్ళిపోతే నన్ను తిట్టేదెవరయ్యా?" అన్నాడు పెద్దాయన.

డాక్టరు నవ్వుతూ పట్టీ విప్పాడు. పొద్దుటినుంచీ తన ఎడమ చెయ్యి లాగుతున్న సంగతి చెప్పలేదు. ఆ భవనంలో జబ్బుపడే హక్కు ఒక్కరిదే.

తోటలో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టారు. పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేయబోయాడు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. అంతే, డాక్టరు కాళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. మరొకటి తీద్దామనేలోపే ఏదో కబురొచ్చి పెద్దాయన లోపలికి వెళ్ళిపోయాడు.

"ఛీ, నా అలవాటు పాడుగాను!" అనుకున్నాడు డాక్టరు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

భార్య తలుపు తీస్తూనే అడిగింది.

"దిగారా?"

"దిగాను. రేపు పంపుతారట. కాస్త నడుం వాలుస్తానుండు."

కాఫీ తెచ్చి ఆమె తట్టి లేపబోయేసరికి ఒళ్ళు చల్లబడిపోయింది.

మర్నాడు కవరు వచ్చింది. ఆమె ఫొటో బయటికి తీసి చాలాసేపు చూసింది. ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. దాన్నే గోడకు తగిలించమంది.

"ఇందులో నాన్న లేడు కదమ్మా!" అంది కూతురు.

"మీ నాన్న ఉండేది ఇలాగేనే!"

ఫొటోలో పెద్దాయన నిండుగా నవ్వుతున్నాడు. ఎవరి భుజమూ లేని చోట, గాలిలో ఆయన చెయ్యి.